ఉదయగిరి చెక్క చెంచా ధరలో ఆమె పొద్దు ఏది?

ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షిలో ఉదయగిరి చెక్క గరిటెను చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదట ‘ఎంత తేలిగ్గా ఉందో’ అంటారు. ఆ తర్వాత చీటీ మీద ధర చూసి ‘చెక్క చెంచాకు ఇంత రేటా’ అంటారు. ఉదయగిరి ఉన్న నెల్లూరు జిల్లావాడిగా ఆ రెండో మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. నా దృష్టిలో ఆ రేటు చాలా తక్కువ. అందుకు కారణం చెక్కలో లేదు, కొనేవాళ్ల బేరంలోనూ లేదు. ఆ చెంచా ఇంట్లో తయారవుతుంది. అందులో ఎక్కువ పని ఆడవాళ్లే చేస్తారు. ఇంట్లో ఆడవాళ్లు చేసేదాన్ని పనిగా లెక్కపెట్టే అలవాటు మనకు లేదు. ‘తీరిక దొరికినప్పుడు చేసుకుంటారులే’ అని సరిపెట్టుకుంటాం. ఆ పని చేసే ఆమెనే అడిగి చూడండి. ‘ఏముందయ్యా, ఇంట్లోనే ఉంటా, చెంచాలు చేసుకుంటా’ అంటుంది.

ఉదయగిరి పేరు చెబితే చరిత్ర చదివినవాళ్లకు కొండ మీది కోట గుర్తొస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ దుర్గాన్ని గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ దుర్గం కొండల్లోనే నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెట్లు పెరుగుతాయి. వాటి కట్టెతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేసే విద్య నవాబుల కాలం నుంచీ వస్తోందని ఊళ్లో చెప్పుకుంటారు. ఈ పని చేసేది ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. కాడ మీద చెక్కే లతల్లో, పూలలో పారశీక పోకడలు కనిపిస్తాయని కళను ఎరిగినవాళ్లు అంటారు. ‘ఉదయగిరి చెక్క చెంచాలు’ అన్న పేరుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంతవరకు వార్తల్లో తరచూ వచ్చేదే. ఇంటి లోపల ఏం జరుగుతుందో అంత తరచుగా రాదు.

ముందు కట్టె కావాలి. దాన్ని తేవడం సాధారణంగా మగవాళ్ల పని. కొండ అటవీశాఖ చేతిలో ఉంటుంది కాబట్టి అది ఎప్పుడూ టెన్షనే. తెచ్చిన కట్టెను రంపంతో కొలతకు కోసి, చెంచా ఆకారం వచ్చేలా చెక్కుతారు. తర్వాత ఆకురాయి పట్టాలి, గుంట తీయాలి, కాడ సన్నం చేయాలి, పూవు పని ఉంటే సన్న ఉలితో, చిన్న రంపంతో ఆ పని చేయాలి. చివర ఉప్పు కాగితం. చేయి వేస్తే గరుకు తగలకుండా ఉండాలి, ఎందుకంటే ఇది నోట్లో పెట్టుకునే వస్తువు. గోడకు తగిలించే బొమ్మలో చిన్న లోపం ఉన్నా ఎవరూ పట్టించుకోరు. చెంచాకు చిన్న పేడు లేచినా ఆ సరుకు తిరిగొస్తుంది. అందుకే చూడటానికి అతి మామూలుగా కనిపించే ఉప్పు కాగితం పనికే ఎక్కువ ఓపిక కావాలి. ఆ పొడి మీద పడేదీ, ఆమె పీల్చేదీ వంటిల్లు పక్కనే ఉన్న వసారాలో.

ఇక ఆమె పొద్దు సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. మగవాళ్లయితే 88 నిమిషాలు. అంటే దాదాపు ఐదు గంటలు ముందే పోయాయి. పిల్లలను, పెద్దవాళ్లను చూసుకోవడం ఆ లెక్కలో లేదు, దాన్ని సర్వేలో వేరేగా రాస్తారు. పోనీ ఆ ఐదు గంటలు ఒకేసారి గడిచిపోతాయా అంటే, అదీ లేదు. కుళాయి వచ్చినప్పుడు నీళ్లు పట్టాలి, పిల్లలను బడికి పంపాలి, పొయ్యి మీద కూర చూసుకోవాలి, అత్తకు మందులివ్వాలి, నమాజు వేళకు లేవాలి. మధ్య మధ్య మిగిలిన పావుగంటలు, అరగంటలు చెంచాలవి.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ముక్కలైపోయిన సమయంలో ఏ పని చేయవచ్చో, ఏది చేయలేమో ఒకసారి ఆలోచించండి. ఉప్పు కాగితం రుద్దడం ఎప్పుడైనా ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇంతకు ముందు వంద సార్లు చేసిన ఆకారాన్ని మళ్లీ చేయడం కూడా అంతే, చేతికి అలవాటే. కొత్త పూవును ఊహించడం, కొత్త రకం గరిటె గుంట ఎంత లోతు ఉండాలో నాలుగు కట్టెలు పాడుచేసి తేల్చుకోవడం అలా కుదరదు. దానికి ఎవరూ పిలవని రెండు మూడు గంటలు ఒక్కచోట కావాలి. ఆ గంటలు ఆమెకు దొరకవు. ఎప్పుడైనా దొరికినా వాటికి ఎవరూ డబ్బివ్వరు. చాలావరకు ఆమెకు వచ్చేది పీసు రేటు, డజనుకు ఇంత అని. కొత్తది ప్రయత్నించిన రోజు డజన్లు తగ్గుతాయి, ఆ వారం చేతికొచ్చేదీ తగ్గుతుంది. కాబట్టి తెలివైన మనిషి ఏం చేస్తుంది? పాత నమూనానే మళ్లీ చేస్తుంది. అప్పుడు మనం పట్నంలో కూర్చుని ‘జానపద కళల్లో కొత్తదనం రావడం లేదు, కళాకారులు మారడం లేదు’ అని రాసేస్తాం.

లెక్క వేసి చూద్దాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38 రూపాయలు. పూల కాడ ఉన్న ఒక గరిటెకు అన్నీ కలిపి మూడు గంటలు పట్టిందనుకుందాం. మట్టి పనికి ఇచ్చే కూలి లెక్కనే చూసినా ఆ గరిటెలో ఆమె కష్టం 115 రూపాయలు. కట్టె ఖర్చు, రవాణా, షాపు లాభం, పన్ను దీని మీద పడాలి. ఏళ్ల తరబడి చేయి తిరిగిన పనికి మట్టి పని కూలి కట్టడమే అన్యాయం. చాలాసార్లు అదైనా దక్కుతోందో లేదో, షాపులో చీటీ మీదున్న రేటు నుంచి వెనక్కి లెక్కేసుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

సరే, ఎలాగో తీరిక చేసుకుని ఆమె ఒక కొత్త నమూనా చేసిందనుకుందాం. ఇప్పుడు చాలామంది ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నారు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. అమ్ముకోవాలంటే పెట్టక తప్పదు. అయితే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ డిజైన్ అంతకు ముందు బయట ప్రచురితమై ఉండకూడదు. రిజిస్టరు అయితే పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ దొరుకుతుంది. ఆమె స్టేటస్ పెట్టిన పూటే ఆ రక్షణకు దారి మూసుకుపోవచ్చు. అది చెప్పేవాళ్లు లేరు. మరి జీఐ ఉందిగా అంటారా? జీఐ కాపాడేది ఉదయగిరి అన్న పేరును. ఫలానా ఇంట్లో ఫలానా ఆవిడ ఊహించిన ఆకారం దాని కిందకు రాదు. ఎక్కడో మిషన్ మీద అదే ఆకారం తీసి వేరే పేరుతో అమ్మితే జీఐ ఏమీ చేయలేదు. పైగా జీఐ పేరును చట్టప్రకారం వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఇంటి పనితోనే పొద్దు చాలని మనిషికి ఆ కాగితాల పని ఇంకో బరువు.

కాగితాల దగ్గరే ఇంకో చిక్కు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం, బొమ్మల తయారీ సహా 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి. మంచి పథకమే, కాదనను. కానీ కుటుంబానికి ఒక్కరికే నమోదు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఉదయగిరి చెంచా మొగుడూ పెళ్లాం ఇద్దరి చేతులూ పడితేనే పూర్తవుతుంది. నిబంధన ప్రకారం వాళ్లలో ఒకరే విశ్వకర్మ. ఇంట్లో ఎవరి పేరు రాయిస్తారో నేను చెప్పక్కర్లేదు.

ఈ విషయంలో చేనేత మనకు కొంత దారి చూపింది. దేశంలో చేనేత గణన ఇప్పటికి నాలుగు సార్లు జరిగింది. 2019-20 నాటి గణనలో మగ్గం మీద కూర్చునేవాళ్లతో పాటు కండెలు చుట్టేవాళ్లనూ, పడుగు పనివాళ్లనూ అనుబంధ కార్మికులుగా లెక్క రాశారు. మొత్తం 35.22 లక్షల మంది తేలారు, వాళ్లలో 70 శాతానికి పైగా ఆడవాళ్లే. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న వెంకటగిరిలో ఏ నేత ఇంటికి వెళ్లినా ఇది కళ్లారా చూడవచ్చు. లెక్కలోకి వచ్చినంత మాత్రాన కండె చుట్టే ఆవిడ సంపాదన పెరిగిపోలేదు, అది నిజం. కానీ లెక్కలో ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. అంతర్జాతీయంగా చూస్తే, ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకు మిగతా కార్మికులతో సమాన హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 1996లోనే 177వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దాన్ని ఇప్పటిదాకా ఆమోదించలేదు.

‘మార్కెట్ పెరిగితే అన్నీ అవే సర్దుకుంటాయి’ అనేవాళ్లున్నారు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు నిషేధించారు. చెక్క చెంచాకు మంచి రోజులొచ్చాయని అప్పుడు చాలామంది అన్నారు. గిరాకీ పెరిగిన మాట నిజమే. ఆ గిరాకీలో పెద్ద వాటా మిషన్ మీద అచ్చు తీసి, ఐస్‌క్రీమ్ తిని పారేసే పలచటి చెక్క చెంచాలకు పోయింది. వాటితో ధరలో పోటీ పడమని ఉదయగిరికి చెప్పడం వాళ్లను ముంచడమే. నాన్‌స్టిక్ పెనాల వల్ల చెక్క గరిటె అవసరం మధ్యతరగతి వంటిళ్లకు తిరిగొచ్చింది, అది వేరే సంగతి. అక్కడ పదేళ్లు మన్నే వస్తువు కావాలి, చేతికి ఒదిగే ఆకారం కావాలి. అట్లకాడ అంచు ఎంత పలచగా ఉంటే దోసె విరగకుండా లేస్తుందో, పప్పు గరిటె గుంట ఎంత ఉండాలో రోజూ వండే ఆవిడకు తెలిసినంతగా ఏ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ కుర్రాడికీ తెలియదు. కళాకారిణీ ఆమే, వాడి చూసేదీ ఆమే. ఇంట్లో పనిచేయడం వల్ల వచ్చిన ఆ ఒక్క లాభాన్ని మనం ఇంతవరకు వాడుకోలేదు. శిక్షణ శిబిరాల్లో పట్నం నుంచి గీసి తెచ్చిన బొమ్మను ఇచ్చి ‘ఇలా చేయమ్మా’ అంటాం.

తోలుబొమ్మల కథ చూడండి. రాత్రంతా రామాయణం ఆడించే మేళాలకు పిలుపులు తగ్గాక, అదే తోలు, అదే రంగులు, అవే చిల్లులతో దీపాల గొడుగులు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. తోలు వెనక దీపం ఉంటేనే రంగు పలుకుతుందని ఆ కుటుంబాలకు తరాలుగా తెలుసు కాబట్టే ఆ మార్పు అంత సహజంగా అతికింది. ఇప్పుడు ఆంధ్రా తోలుబొమ్మకూ జీఐ ఉంది. అనంతపురం వైపు నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ ఒక మనిషికే వస్తుంది, ఆ గొడుగుకు రంగులేసిన ఇంటి ఆడవాళ్ల పేర్లు మాత్రం బయటికి రావు. చలపతిరావు గారి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆయనకు దక్కిన గౌరవం మనందరికీ దక్కినట్టే. ఇంటిల్లిపాదీ చేసే కళను ఒక్కరి పేరున రాసే పద్ధతి అక్కడా అదేనని చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, రైలు లేని ఊరు. కాబట్టి ఆమెను మేళాలకు, కోర్సులకు రప్పించే పథకాల కంటే ఆమె ఇంటి దగ్గరికి వెళ్లే పథకాలు కావాలి. శిక్షణలో కూర్చున్నందుకు రోజుకు 500 ఇస్తున్న ప్రభుత్వం, కొత్త నమూనా చేసుకోవడానికి ఏడాదికి పది రోజులు అదే 500 ఎందుకు ఇవ్వకూడదు? మనిషికి 5,000 రూపాయలు. ఆ పది రోజులూ డజన్ల లెక్క ఉండదు, కట్టె పాడైనా అడిగేవాడుండడు. తయారైన నమూనాను బయట పెట్టకముందే డిజైన్ రిజిస్ట్రేషన్‌కు పంపే బాధ్యత కొనుగోలు చేసే ప్రభుత్వ సంస్థ తీసుకోవాలి. ఆడవాళ్లు కలిసి పనిచేసే షెడ్డు ఒకటి ఉంటే, పొడి లాగే ఫ్యాన్లు పెడితే వంటింట్లో పొడి తప్పుతుంది. అయితే ఆ షెడ్డు బడి వేళల్లో తెరిచి ఉండాలి. పిల్లలు బడిలో ఉన్న వేళ ఇల్లు వదిలి షెడ్డులో కూర్చోగలిగితేనే ఆమెకు ఎవరూ పిలవని ఆ గంటలు ఒక్కచోట దొరుకుతాయి.

ఇవన్నీ జరిగేవి కావని కొట్టిపారేసేవాళ్లకు దూబగుంటను గుర్తుచేస్తాను. 1992లో ఈ జిల్లాలోని ఆ చిన్న ఊరి ఆడవాళ్లు సారా వద్దని నిలబడితే, మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా సారా ఆగింది. పొదుపు సంఘాలు జిల్లాలో ఊరూరా వేళ్లూనుకున్నది ఆ తర్వాతే. ఆ సంఘాల్లో ఎవరు ఎంత కట్టారో, ఎంత తీసుకున్నారో రూపాయి తేడా లేకుండా ఆడవాళ్లే పుస్తకం రాసుకుంటున్నారు. చెంచా పనిలో గంటల లెక్క కూడా వాళ్లే రాయగలరు. ఏ పీసుకు ఎన్ని గంటలు పట్టిందో సంఘం పుస్తకంలో ఒక సీజన్ పాటు రాస్తే, బేరం ఆ అంకె దగ్గర మొదలవుతుంది.

ధర పెరిగితే కొనరన్న భయం ఒకటుంది. కొంతమంది కొనరు, నిజమే. ఆ కొంతమంది కోసం ఇన్నాళ్లూ ఆమె పొద్దును ఉచితంగా ఇచ్చాం. విశ్వకర్మ నమోదులో కుటుంబానికి ఒక్కరే అన్న నిబంధనను, ఇద్దరూ పనిచేసే వృత్తులకైనా సడలించాలని జిల్లా ఎంపీలు, ఎమ్మెల్యేలు ఢిల్లీకి రాయాలి. లేపాక్షి తన వంతుగా కొనుగోలు చీటీలో కట్టె ఖర్చుకు ఒక గడి, పని గంటలకు ఒక గడి విడివిడిగా పెట్టాలి. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, వచ్చే ఆర్డరు నుంచే మొదలుపెట్టవచ్చు.