తాళంచెవి ఎవరి దగ్గరుండాలి

విజయవాడలో మ్యాపులు గీసే చిన్న ఆఫీసు. సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం తీసిన చిత్రాలన్నీ జేపీ2 అనే కుదించిన బొమ్మల ఫైళ్లుగా హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. వాటిని కాగ్ అనే మరో రకం బొమ్మ ఫైల్లోకి, అదే క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్‌లోకి మార్చాలని అమ్మాయి పట్టు. డిస్కుల బీరువా తాళంచెవి బాబాయ్ జేబులో. నేను అమ్మాయి పక్షమని ముందే చెప్పేస్తున్నా.

బాబాయ్: మారిస్తే సైజు ఎంత తగ్గుద్దమ్మా?

అమ్మాయి: తగ్గదు బాబాయ్. కాస్త పెరుగుతుంది.

బాబాయ్: అంటే డబ్బులిచ్చి బరువు కొనుక్కోమంటావ్.

అమ్మాయి: గొడవ బరువుతో కాదు, విప్పడంతో. ఒక్క టైలు, అదే చిత్రంలో ఒక చదరపు ముక్క, తీసుకోండి. 10 మీటర్ల బ్యాండు, అంటే ఒక రంగు వెలుగులో తీసిన బొమ్మ, పిక్సెల్‌కి నేల మీద 10 మీటర్లు. అటు 10,980 పిక్సెళ్లు, ఇటు 10,980. పిక్సెల్‌కి రెండు బైట్లు. విప్పితే ఒక్క బ్యాండే 24 కోట్ల బైట్లు. నాకు కావాల్సింది సింగ్ నగర్. దానికోసం 110 కిలోమీటర్ల బొమ్మంతా దించుకుంటున్నాం. కాగ్‌లో బొమ్మ గళ్లుగళ్లుగా ఉంటుంది, ఏ గడి ఎక్కడుందో ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. 512 పిక్సెళ్ల గడంటే అయిదు కిలోమీటర్ల చదరం, విప్పినా అర ఎంబీ. ఆ గడి ఒక్కటే అడిగి తెచ్చుకుంటాం. దూరం నుంచి చూసుకోడానికి చిన్న సైజు నకళ్లు కూడా అందులోనే. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ వాళ్లు 2020లో కలెక్షన్ 2 అనే చిత్రాల విడతతో ఇందులోకే వచ్చేశారు.

బాబాయ్: జేపీ2లోనూ ముక్క తీయొచ్చు. రోజూ తీస్తూనే ఉన్నాగా.

అమ్మాయి: డిస్కు పక్కన పెట్టుకుని మీరొక్కరే తీస్తున్నారు. అప్పటికే మీ మెషీన్ ఫ్యాను రైస్‌మిల్లులా మోగుద్ది. నెట్ మీద పదిమంది ఒకేసారి అడిగితే?

బాబాయ్: ఆ పదిమందిలో నలుగురివి పాత సాఫ్ట్‌వేర్లు. నువ్వనే జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ వాటిలో తెరుచుకోదు. ఫోన్లు నాకొస్తాయి.

అమ్మాయి: ...అది నిజమే. డిఫ్లేట్ పెడతా, జిప్ ఫైళ్లలో ఉండేదే. కాగ్ అయినా లోపల టిఫ్ఫే, 1986 నాటిది. తెరుచుకుంటుంది.

బాబాయ్: యూరప్ వాళ్లేమో జార్ అనే ఇంకో ఫార్మాట్ అంటున్నారు. మళ్లీ మారుస్తావా?

అమ్మాయి: మారుస్తా. లాస్‌లెస్‌గా, అంటే ఏమీ పోకుండా, ఎన్నిసార్లు మార్చినా అంకె మారదు. మీరు మార్చినట్టు కాదు.

బాబాయ్: అనెయ్, అనెయ్.

అమ్మాయి: సెంటినెల్‌కి ముందున్న చిత్రాలు స్థలం లేదని లాసీలో, అంటే కొంత పోగొట్టే కుదింపులో పెట్టి, అసలువి చెరిపేశారు. నిన్న అంచు పెద్దది చేసి చూశా. బొమ్మ లేనిచోట సున్నా ఉండాలి గదా, 1, 3, 0, 2 అని నలకలు. కంటికి నలుపే. లెక్కకొచ్చేసరికి అదీ పొలమే.

బాబాయ్: ‘కంటికి తేడా తెలీదు సార్’ అన్నాడొకడు, నీ ఈడువాడే. నమ్మా. అందుకే ఇప్పుడు తాళం ఇవ్వంది.

అమ్మాయి: మీ దగ్గరుంటే భద్రమా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగితే డిస్కులన్నీ కింది గదిలోనే!

బాబాయ్: మోకాళ్ల లోతు నీళ్లలో నెత్తిన పెట్టుకుని మేడెక్కించిందెవరు? నువ్వు తెనాల్లో కూర్చుని ఫోన్ చేశావ్.

అమ్మాయి: బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు పోతుంటే ఈదుకుంటూ రావాలా? అసలు రెండో సెట్టు ఎందుకు లేదంటున్నా.

బాబాయ్: డబ్బులడిగితే ఎవరిచ్చారు? ఆ కుర్చీలో ఆయన్నడుగు.

(ఆ కుర్చీలో ఉన్నది నేనే. టీ చెప్పాను.)

బాబాయ్: సరే, ఇది చెప్పు. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేసుకోవాలన్న సంగతి పక్కనుండే ఎక్స్‌ఎంఎల్ అనే వివరాల ఫైల్లో ఉంటుంది. నువ్వు బొమ్మలొక్కటే మార్చుకుని మిగతాది పారేస్తే, 2021 వరిని 2022 వరితో పోల్చి రైతుకేం చెబుతావ్?

అమ్మాయి: ...అది నా స్క్రిప్టులో లేదు.

బాబాయ్: లేదుగా.

అమ్మాయి: ఎక్స్‌ఎంఎల్ కూడా దాస్తా. చెక్‌సమ్, అదే ఫైలు వేలిముద్ర, కలిశాకే పాతవి చెరుపుతా.

బాబాయ్: ఎట్టా కలుస్తుందమ్మా, ఫైళ్లే వేరైనప్పుడు? రెండూ విప్పు. ఇందులోంచి అది పిక్సెల్ పిక్సెల్ తీసెయ్. మొత్తం సున్నా వస్తేనే చెరుపు.

అమ్మాయి: అట్టాగే. అప్పుడన్నా తాళం ఇస్తారా?

బాబాయ్: ఒక్క డిస్కుకే. గుంటూరు వైపుది. ఆ మిరప తోటలు ఏ నెలలో ఎట్టా ఉంటాయో నాకు తెలుసు, తేడా వస్తే పట్టేస్తా.

అమ్మాయి: మరి రెండో సెట్టు?

(ఇద్దరూ నావైపు తిరిగారు. రేటు కనుక్కుంటానన్నాను.)