ఖాతా నుంచి ఆధార్ తీయించేస్తే ఆగేది దొంగ కాదు, మీ కూలి డబ్బు

పలాస, టెక్కలి, బొబ్బిలి, ఏ ఊరి గ్రూపు తెరిచినా అదే మెసేజ్. "మీ ఆధార్ వివరాలు అమెరికా సర్వర్లలో ఉన్నాయి. నంబరు తెలిస్తే చాలు, ఖాతా ఖాళీ చేసేస్తారు. వేలిముద్ర మిషన్లన్నీ మోసం, పోయిన డబ్బుకి దిక్కుండదు. వెంటనే బ్యాంకుకెళ్లి ఆధార్ తీయించేయండి. పదిమందికి పంపండి." చదువుకున్నవాళ్లే, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లే పంపుతున్నారు. పంపే ముందు ఒక్కసారైనా ఆలోచించరా?

అమెరికా మాట అబద్ధం. ఆధార్ డేటా కేంద్రాలు బెంగళూరులో, మానేసర్‌లో ఉన్నాయి. నంబరు ఒక్కటే తెలిస్తే డబ్బు తీయడం కుదరదు, మిషన్ వేలో ముఖమో అడుగుతుంది. ఈ రెండింటికీ ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అసలు ప్రమాదం "తీయించేయండి" అన్న మాటలో ఉంది. ప్రభుత్వం పంపే డబ్బు ఖాతా నంబరు చూసి రాదు. ఎన్‌పీసీఐ అనే బ్యాంకు చెల్లింపుల సంస్థ దగ్గర మ్యాపర్ అనే పట్టిక ఉంటుంది. ఒక ఆధార్‌కి ఒకే బ్యాంకు, అదీ చివరిసారి సీడింగ్ చేసిన, అంటే ప్రభుత్వ డబ్బు కోసం ఆధార్ కలిపిన బ్యాంకు, అందులో ఉంటుంది. ఆధార్ తీయిస్తే ఆ పట్టికలోంచి మీ పేరు పోతుంది, అప్పుడు పీఎం కిసాన్ విడత, గ్యాస్ రాయితీ, తల్లికి వందనం వెనక్కి పోతాయి. ఉపాధి కూలికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ద్వారా చెల్లింపే తప్పనిసరి చేశారు, అదీ ఆగుతుంది. పింఛను మాత్రం సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి ఇస్తారు కాబట్టి ఆగదు. అది చూసుకుని "నేను తీయించేశాను, నాకేమీ కాలేదు" అని మళ్లీ గ్రూపులో పెడుతున్నారు. ఎండలో మట్టి తవ్విన మనిషి కూలి ఎక్కడుందో తెలీక తిరుగుతుంటే, ఆ పాపం ఎవరిది?

ఇంకో సంగతి. చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్లినవాళ్లు అక్కడ జీతం కోసం కొత్త ఖాతా తెరుస్తారు. ఫారంలో సీడింగ్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టేస్తారు. ఇక ఇక్కడి డబ్బు అక్కడ పడుతుంది. ఇంట్లోవాళ్లు ఎవరో దోచేశారనుకుంటారు. మైఆధార్ సైటులో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది.

మోసం లేదని కాదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ల నుంచి వేలిముద్రలు తీసి, అచ్చు పోసి డబ్బు లాగిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. మన దగ్గర ఎక్కువ భయపడాల్సింది మాత్రం డబ్బిచ్చే ఏజెంటు "వేలు పడలేదు, మళ్లీ పెట్టమ్మా" అన్న మాటకి. జీడిపప్పు వొలిచేవాళ్ల వేళ్లు తొక్క నూనెకి కాలి గీతలు అరిగిపోతాయి, నిజంగానే పడవు. అదే అదనుగా రెండోసారి డబ్బు తీసేవాళ్లు ఉంటారు. ఫెయిలైనా రసీదు అడగండి. మళ్లీ వేలు పెట్టే ముందు మినీ స్టేట్‌మెంట్ తీయించండి. రూపే కార్డు ఉంటే మైక్రో ఏటీఎంలో (ఏజెంటు దగ్గర కార్డు పెట్టే చిన్న మిషన్) పిన్ కొట్టి తీసుకోండి, వేలితో పనే లేదు.

మీ వేలిముద్ర ఎవరూ వాడకుండా వేసుకునే బయోమెట్రిక్ లాక్ ఉంది. ఆధార్‌కి కలిపిన ఫోను చేతిలో ఉంటే, మైఆధార్ సైటులో ఓటీపీతో అయిపోతుంది. కావలసినప్పుడు తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాల్లో అదే మూసుకుంటుంది. అయితే లాక్ వేస్తే రేషన్ డిపోలోనూ పింఛను దగ్గరా వేలు పనిచెయ్యదు, 330 అని ఎర్రర్ వస్తుంది. అందుకే ఫోను వాడని ముసలివాళ్లకి లాక్ వెయ్యకండి. వాళ్లకి వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్ సదుపాయం ఒక్కటీ ఆపమని బ్యాంకులో రాతగా అడగండి. సీడింగ్ ముట్టుకోవద్దని అదే కాగితంలో రాయండి.

"దిక్కుండదు" అన్నదీ తప్పే. డబ్బు చేతికి రాకుండా ఖాతాలో తగ్గితే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో తిరిగి వెయ్యాలి. దాటితే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. దొంగ తీస్తే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి, 3 పనిదినాల్లోపు బ్యాంకుకి రాసివ్వండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడి వల్ల పోతే మీ బాధ్యత సున్నా, ఇది 2017 ఉత్తర్వు. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448.

అయినా ఆ మెసేజ్ వెనకున్న కోపం నాకు అర్థమవుతుంది, అందులో న్యాయమూ ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాకి ఆధార్ తప్పనిసరి కాదంది, ప్రభుత్వ రాయితీలకి మాత్రం అడగొచ్చంది. అంటే ఏ పథకమూ అక్కర్లేని ఆసామి ఆధార్ కలపకుండా ఖాతా నడుపుకోగలడు. మెళియాపుట్టిలో పలుగు పట్టుకున్న మనిషికి ఆ వీలు లేదు. మిషన్‌ని నమ్మాలా వద్దా అని అతన్ని ఎవరూ అడగలేదు. నమ్మితేనే కూలి. మిషన్ తప్పు చేస్తే రుజువు తెచ్చే పని కూడా అతని మీదే పడుతోంది. రసీదు ఇవ్వని మిషన్ మీద గ్రామసభలో నిలదియ్యండి, ఆ బ్యాంకు మేనేజరుకి రాయండి. ఆ కోపం అక్కడ చూపించండి.

ఇప్పటికే తీయించేసినవాళ్లు పాసు పుస్తకం, ఆధార్ పట్టుకుని అదే బ్రాంచికి వెళ్లండి. కేవైసీ ఒకటే చేస్తే చాలదు, "డీబీటీ కోసం ఆధార్ సీడింగ్" (డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) ఫారం అని అడిగి, సంతకం పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కొన్నిరోజులాగి మైఆధార్‌లో చూడండి. ఆ బ్యాంకు పేరు, పక్కన యాక్టివ్ అని కనిపించేదాకా వదలొద్దు.