మూడో రాత్రి మోకాలిపై విచారణ కమిషన్ వేయాలి

లాస్ ఏంజెలెస్ నగరంలో, శాన్ ఫెర్నాండో వ్యాలీ వైపు, రెసీడా అని ఒక పేట ఉంది. అక్కడ ఏళ్ల తరబడి వైద్యశాస్త్రాన్ని బాహాటంగా ధిక్కరిస్తూ వచ్చారు. ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. శుక్రవారం రాత్రి మోకాలు పట్టుకుని మెలికలు తిరిగి, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని కుంటుకుంటూ బయటికి వెళ్లిన మనిషి, ఆదివారం రాత్రి అదే మోకాలితో రింగు మూల పైకెక్కి వెనక్కి పల్టీ కొట్టాడు. ఆపిన డాక్టరు లేడు. నివ్వెరపోయిన శాస్త్రవేత్త లేడు. కొన్ని వందల మంది జనం మాత్రం కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. దీని మీద ఇంతవరకూ ఒక్క కమిషనూ కూర్చోకపోవడం బాధ్యతగల పౌరులందరూ తలదించుకోవాల్సిన విషయం.

చెబుతున్నది బ్యాటిల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్ గురించి. అభిమానులు బోలా అంటారు. ప్రొ రెజ్లింగ్ గెరిల్లా అనే చిన్న సంస్థ 2005లో మొదలుపెట్టిన, గెలుపోటములు ముందే రాసుకుని ఆడే కుస్తీ టోర్నమెంట్ ఇది. ఆ సంస్థను 2003లో పెట్టినవాళ్లు ఆరుగురు రెజ్లర్లు. అంటే కుస్తీ పట్టేవాళ్లే కుస్తీ పెట్టించేవాళ్లు, ఎవరు గెలవాలో తేల్చేవాళ్లూ వాళ్లే. మిగతా క్రీడల్లో ఇలాంటి సంబంధాలు బయటపెట్టడానికి విలేకరులు ప్రాణాలకు తెగించాలి. ఇక్కడ పోస్టరు చదివితే చాలు.

వేదిక గురించి కూడా రికార్డుల్లోకి ఎక్కించాలి. అమెరికన్ లీజియన్ అనేది మాజీ సైనికుల సంఘం. రెసీడాలో దానికి ఒక హాలుంది, పోస్ట్ 308. నిజమైన యుద్ధాలు చూసొచ్చినవాళ్లు ప్రశాంతంగా కూర్చోవడానికి కట్టుకున్న హాలులో ఉత్తుత్తి యుద్ధాలు పెట్టారు. అదీ వేసవి చివర్లో, వ్యాలీ ఎండలు హాలు గోడల్లోకి ఇంకిపోయి ఉండే రోజుల్లో. మూడు రాత్రులు వరసగా జనం చెమటలు కక్కుతూ నిలబడ్డారు. వాళ్ల మానసిక స్థితి మీద వేరే కమిషన్ అవసరం కావచ్చు. ప్రస్తుతానికి మోకాళ్ల దగ్గరే ఉందాం.

ముందు లెక్క చూడండి. 2014 నుంచి 2017 దాకా ప్రతిసారీ 24 మంది, 3 రాత్రులు. శుక్రవారం ఆరు, శనివారం ఆరు మొదటి రౌండ్ మ్యాచులు. మిగిలిన 12 మంది ఆదివారం కొట్టుకుంటే ఆరుగురు. ఆ ఆరుగురూ అదే రాత్రి మళ్లీ కొట్టుకుంటే ముగ్గురు. ముగ్గురిని జంటలుగా విడగొట్టడం ఏ గణితంలోనూ కుదరదు కాబట్టి ముగ్గురినీ ఒకేసారి రింగులోకి తోసి, ఒకణ్ని బయటికి పంపాక మిగిలిన ఇద్దరితో తేల్చారు. అంటే గెలిచేవాడు ఆదివారం ఒక్క రాత్రే మూడు మ్యాచులు ఆడాలి. లెక్క కుదిరేలా 16 మందినో 32 మందినో పిలవొచ్చు కదా అని అడిగే అమాయకులు ఉంటారు. ముగ్గురు మిగలడం పొరపాటు కాదు. ఒకడు కింద పడి రొప్పుతుంటే మిగతా ఇద్దరు ఆట నడిపిస్తారు, ఆ తర్వాత వంతు మారుతుంది. మూడో రాత్రి మూడో మ్యాచ్‌లో ఊపిరి పీల్చుకోవడానికి ఇంతకంటే గౌరవప్రదమైన మార్గం ఎవరూ కనిపెట్టలేదు.

ఓడినవాళ్లు ఇళ్లకు పోయి కాపడం పెట్టుకున్నారనుకోకండి. చాలాసార్లు ఆదివారం రాత్రి ఐదుగురిని ఒక పక్క, ఐదుగురిని ఒక పక్క నిలబెట్టి పదిమంది ట్యాగ్ మ్యాచ్, అంటే జట్లుగా వంతులవారీ కొట్టుకునే మ్యాచ్, కూడా పెట్టారు. ఓడిపోయాక కూడా డ్యూటీ తప్పని పోటీ ఇది.

ఇక రిఫరీ. ప్రకృతిలో ఇంత సున్నితమైన ప్రాణి మరొకటి లేదు. రెజ్లర్‌ను మెడ మీద పడేలా ఎత్తి కుదేస్తారు, రింగు అంచున నడుం విరిగేలా పడేస్తారు, భుజాలు నేలకు ఆనించి ఉండగా రిఫరీ మూడు లెక్కపెడితే ఓడినట్టే కాబట్టి, అతను రెండు అంకె దాటాక, మూడు అంకెకు వెంట్రుకవాసి ముందు భుజం లేపుతాడు. రిఫరీకి మాత్రం పక్కనుంచి వెళ్తున్న మోచేయి గాలి సోకితే చాలు, నిమిషాల తరబడి స్పృహ ఉండదు. సరిగ్గా ఆ నిమిషాల్లోనే ఎదుటివాణ్ని కొట్టడానికి రింగులోకి కుర్చీ వస్తుంది. పని అయిపోగానే స్పృహా వస్తుంది. ఇంత సమయపాలన ఉన్న మూర్ఛ వ్యాధి పాఠ్యపుస్తకాల్లో లేదు.

తాళ్ల సంగతీ అంతే. చెయ్యి పట్టుకుని తాళ్ల వైపు విసిరితే మనిషి పరిగెత్తుకుంటూ వెళ్లి, వీపు ఆనించి, తిరిగి పరిగెత్తుకుంటూ వచ్చి తన్ను తింటాడు. మధ్యలో ఆగిపోయే హక్కు అమెరికా రాజ్యాంగం అతనికి ఇచ్చింది. వాడుకోడు.

ఇవన్నీ చూసి, ఇదంతా ఫిక్సింగ్ కదా అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఏదో రహస్యం పట్టేసినట్టు కళ్లెగరేసి మరీ చెబుతారు. వారికి సవినయంగా మనవి చేసేదేమంటే, మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అనే పెద్ద కుస్తీ సంస్థ న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందుకు తనంతట తానే వెళ్లి, అయ్యా, మాది అసలు పోటీయే కాదు, వినోదం మాత్రమే అని ఒప్పేసుకుంది. నిజాయితీ పొంగుకొచ్చి కాదు. పోటీ అంటే క్రీడా కమిషన్ నియంత్రణ ఉంటుంది, లైసెన్సులుంటాయి, టీవీ ప్రసారాల మీద పన్ను ఉంటుంది. అబద్ధం అని ఒప్పుకుంటే అవేవీ ఉండవు. నిజం చెప్పి పన్ను తప్పించుకున్న సంస్థ చరిత్రలో బహుశా ఇదొక్కటే. మిగతావన్నీ ఆ పని అబద్ధం చెప్పి చేస్తాయి.

అయితే ఆ మినహాయింపు పత్రాన్ని రింగు నేలకు ఎవరూ చదివి వినిపించలేదు. ఆ నేల కింద స్ప్రింగుల పరుపు ఉంటుందనేది పెద్దమనుషుల రెండో నమ్మకం. ఉండేది ఇనుప చట్రం, దాని మీద ప్లైవుడ్ చెక్కలు, చెక్కల మీద పల్చటి ఫోమ్, ఆపైన బిగించి కట్టిన కాన్వాస్. రెజ్లర్ మొదట నేర్చుకునే విద్య దాని మీద పడడం. గడ్డం గుండెకు ఆనించాలి, ఊపిరి వదలాలి, వీపంతా ఒకేసారి నేలకు తగలాలి, చేతులు చాచి కొట్టాలి. ఇంత చేసినా తగ్గేది దెబ్బ తీవ్రతే, దెబ్బ కాదు. ఛాతీ మీద అరచేత్తో కొట్టే చాప్ అయితే మరీ ఘోరం, దాన్ని నటించే ఉపాయం ఇంకా రాలేదు. మొదటి రాత్రి ఎర్రగా ఉన్న ఛాతీ మూడో రాత్రికి వంకాయ రంగుకొస్తుంది. ఎవరు గెలవాలో ముందే రాసుకున్న కాగితంలో ఈ రంగు ప్రస్తావన ఎక్కడా ఉండదు.

ఈ వ్యవహారం నిజమా అబద్ధమా అనే ప్రశ్నకు ప్రభుత్వ స్థాయిలో సూటిగా జవాబు చెప్పింది ఒక్క శాఖే. 2015 ఫైనల్‌లో జాక్ సేబర్ జూనియర్ అనే ఇంగ్లండ్ వాసి క్రిస్ హీరోనూ, మైక్ బెయిలీనీ ఓడించాడు. సేబర్ ప్రతిభంతా ఎదుటివాడి కీళ్లు మెలితిప్పడంలోనే ఉంది కాబట్టి, మన విచారణలో మొదటి ముద్దాయి అతనే అవుతాడు. అది తర్వాత. బెయిలీ కెనడావాడు, బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో టైక్వాండో తన్నులు తన్నే మనిషి. 2016లో అతను రెజ్లింగ్ కోసం అమెరికా సరిహద్దు దాటబోతే, పని చేసుకోవడానికి వీసా ఏదీ అని అడిగి వెనక్కి పంపారు. ఐదేళ్ల పాటు దేశంలో అడుగు పెట్టకుండా నిషేధం కూడా వేశారు. లోకమంతా ఉత్తుత్తిదని కొట్టిపారేసే కుస్తీని, కాదు కాదు, ఇది నిఖార్సైన ఉద్యోగం, అనుమతి లేకుండా చేయకూడదు అని గుర్తించిన అధికారులు వాళ్లే. రెజ్లింగ్‌కు అంతకంటే పెద్ద గౌరవం ఏ ప్రభుత్వమూ చేయలేదు. పాపం ఆ గౌరవం ఖర్చు మాత్రం బెయిలీ భరించాడు. నిషేధం ముగిశాక తిరిగొచ్చి 2023లో బోలా గెలిచాడు. అప్పటికి టోర్నమెంట్ రెసీడా వదిలి లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లోని గ్లోబ్ థియేటర్‌కు మారిపోయింది.

ఎల్ జెనెరికో విషయం కూడా కమిషన్ దృష్టికి తేవాలి. 2011 విజేత. ముసుగు ఎప్పుడూ తియ్యలేదు. ఆ తర్వాత రింగు వదిలేసి మెక్సికోలో అనాథ పిల్లలను చూసుకుంటున్నాడని విశ్వసనీయ వర్గాల కథనం. సరిగ్గా అదే కాలంలో డబ్ల్యూడబ్ల్యూఈలో సామీ జేన్ అనే కెనడా యువకుడు ప్రత్యక్షమయ్యాడు. అవే అడుగులు, రింగు మూలలోకి పరిగెత్తి తన్నే అదే తన్ను. ఇద్దరికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే అది అనాథల నోటికాడి కూడు లాక్కోవడమే. ఈ వ్యాసకర్త ఆ పాపానికి ఒడిగట్టడు.

విజేతకు దక్కేదేమిటి అంటారా? మామూలుగా సంస్థ ఛాంపియన్‌తో టైటిల్ మ్యాచ్. మూడు రాత్రులు తన్నులు తిన్నవాడికి బహుమతిగా నాలుగో రాత్రి తన్నులు తినే హక్కు. ఇంకా కలిసొస్తే పెద్ద కంపెనీ కన్ను పడుతుంది. రికోషే 2014లోనూ 2017లోనూ గెలిచాడు, రెండుసార్లు గెలిచింది అతనొక్కడే. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరాడు. 2009లో గెలిచిన కెన్నీ ఒమేగా, 2012లో గెలిచిన ఆడమ్ కోల్ ఏయే పెద్ద కంపెనీలకు వెళ్లారో అభిమానులకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు హాలు వెనక ఒక బల్ల దొరుకుతుంది. మెడకు ఐస్ గడ్డ కట్టుకుని, ఆ బల్ల దగ్గర నిలబడి, సొంత బొమ్మ వేసిన టీషర్టులు అమ్ముకోవాలి. కొన్నవాడు భుజం మీద చెయ్యి వేసి ఫొటో అడిగితే నవ్వాలి. ఆ రాత్రి నిజమైన నటన మొదలయ్యేది అక్కడే.

ఇండీ రెజ్లర్, అంటే పెద్ద కంపెనీల బయట చిన్న సంస్థల్లో ఆడేవాడు, ఎవరికీ ఉద్యోగి కాడు. ఈ వారాంతం ఒక ఊరు, వచ్చే వారాంతం ఇంకో ఊరు, పిలిస్తే పని, లేకపోతే లేదు. నిజంగానే ఎముక విరిగితే అభిమానులు ఆన్‌లైన్‌లో చందాలు పోగేయడం ఈ రంగంలో మామూలే. భద్రతా ఏర్పాట్లు కూడా చాలావరకు అభిమానుల చేతుల్లోనే ఉన్నాయి. ఎవడైనా బాల్కనీ మీంచో నిచ్చెన మీంచో దూకబోతుంటే జనం ముక్తకంఠంతో 'ప్లీజ్ డోంట్ డై' అని అరుస్తారు. అగ్నిమాపక శాఖ, అంబులెన్సు, బీమా కంపెనీ అన్నీ ఆ మూడు మాటల్లోనే ఉన్నాయి. పది నిమిషాల తర్వాత అదే జనం 'ఫైట్ ఫరెవర్' అని అరుస్తారు. వీటిలో ఏ ఆదేశాన్ని పాటించాలో తెలియక రెజ్లర్ రెండూ ఒకేసారి పాటించడానికి ప్రయత్నిస్తాడు.

సరే, కమిషన్ పని తీరు ఎలా ఉండాలి? కుంటినవాళ్లందరికీ నోటీసులిచ్చి పిలిపిస్తే సరిపోతుందని తొందరపడి అనుకోవచ్చు. అలా చేస్తే విచారణ మొదటి రోజే మూలపడుతుంది. రింగులో కుంటుతున్న మోకాలు చాలావరకు దివ్యంగా ఉన్న మోకాలే. కుంటడం వాళ్ల వృత్తి. ఎదుటివాడి దెబ్బకు విలువ తెచ్చేది ఆ కుంటడమే. శుక్రవారం ఎడమ కాలు కుంటినవాడు ఆదివారం కుడి కాలు కుంటితే అది మతిమరుపు అవుతుంది కానీ నేరం కాదు. అసలు చిక్కు రెండో రకం మోకాలితో వస్తుంది. శనివారం దిగడంలో తేడా వచ్చి నిజంగానే లోపల ఏదో తెగినవాడు కుంటడు. గట్టిగా పట్టీ చుట్టి, దాని మీద ప్యాంటు లాక్కుని, గంట కొట్టగానే అందరికంటే ముందు పరిగెత్తుతాడు. గాయం బయటపడితే వచ్చే నెల పిలుపు రాదని అతనికి తెలుసు. ముందే రాసుకున్న ఫలితాల్లో తన పేరు తర్వాతి రౌండ్లలో ఉంటే అది పోగొట్టుకునేంత పిచ్చివాడూ కాడు. నొప్పి లేనివాడు నొప్పి నటిస్తున్న ఆ రింగులోనే, నొప్పి ఉన్నవాడు ఆరోగ్యం నటిస్తున్నాడు. వీళ్లలో మోసం చేస్తున్నది మొదటివాడని పెద్దమనుషులు తీర్పిచ్చేశారు. రెండోవాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

కాబట్టి కమిషన్ ముందుగా కుంటనివాళ్లను పిలవాలి. ఎక్కువ హుషారుగా మెట్లెక్కి వచ్చినవాణ్ని అందరికంటే ముందు ఎక్స్‌రేకి పంపాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు రిఫరీలకు ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూడాలి. ముసుగులు తీయమని అడగకూడదు, మెక్సికోలో పిల్లలు ఎదురుచూస్తుంటారు. కెనడా నుంచి వచ్చేవాళ్లకు వీసా కాగితాలు కమిషనే ముందుగా పంపాలి. రానూపోనూ ఖర్చులు ఇవ్వడానికి నిధులు లేవు కాబట్టి, సాక్షులు తమ టీషర్టులు వెంట తెచ్చుకుంటే వరండాలో ఒక బల్ల వేయించగలం.