రుజువు అడిగినవాడే దోషి: ఇరాక్ యుద్ధానికి జనాన్ని ఒప్పించిన తీరు

యుద్ధానికి జనాన్ని ఒప్పించాలంటే ప్రతిసారీ పచ్చి అబద్ధం ఆడనక్కర్లేదు. రుజువు చూపాల్సిన భారాన్ని వద్దనేవాళ్ల నెత్తిన పెడితే చాలు. 2002-03లో అమెరికాలో బుష్ ప్రభుత్వం నడిచిన దారి అదే.

2002 సెప్టెంబర్ 8న జాతీయ భద్రతా సలహాదారు కండోలిజా రైస్ టీవీలో ఒక మాటన్నారు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ అణ్వాయుధాలకు తిరుగులేని రుజువు పుట్టగొడుగు మేఘం, అంటే అణుబాంబు పేలుడు రూపంలో రాకూడదని. నెల తిరక్కుండానే సిన్సినాటీ ప్రసంగంలో బుష్ నోటా అదే పోలిక. ఇక ఆధారం ఏదని అడిగినవాడు ఊరు బూడిదయ్యేదాకా ఆగమంటున్నవాడే అయ్యాడు! ఘోరం కళ్లకు కట్టాక, అది జరిగే అవకాశం నూటికి ఒకటా, యాభయ్యా అన్న లెక్క మనసు వేసుకోదు.

రైస్ అదే రోజు ఇరాక్ తెప్పించుకోజూసిన అల్యూమినియం గొట్టాల గురించీ చెప్పారు. అవి అణుబాంబు కోసం యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజు యంత్రాలకే పనికొస్తాయన్నారు. 81 మిల్లీమీటర్ల ఆ గొట్టాలు మామూలు రాకెట్ల కోసమేనని అమెరికా ఇంధన శాఖ నిపుణులు అప్పటికే వాదిస్తున్నారు. ఇలాంటి అభ్యంతరాలు రహస్య నివేదికల్లో ఉండిపోతాయి, వేదిక ఎక్కేసరికి ‘బహుశా’లన్నీ రాలిపోతాయి.

సెప్టెంబర్ 11 దాడి సద్దాం చేయించాడని బుష్ సూటిగా అనలేదు. రెండు పేర్లనూ ఒకే ప్రసంగంలో పక్కపక్కన పెట్టారు, ముడి వేసుకునే పని శ్రోతకు వదిలేశారు. ఫలితం? 2003 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ సర్వేలో 69 శాతం మంది సద్దాం ప్రమేయం ఉండొచ్చన్నారు. అలాంటి ఆధారమేదీ లేదని సెప్టెంబర్‌లో బుష్షే ఒప్పుకున్నారు. తనంతట తాను చేరుకున్న నిర్ధారణను మనిషి అంత తేలిగ్గా వదులుకోడు.

అన్నిటికన్నా గట్టి ఎత్తు, నా దృష్టిలో, తేదీల వరస. ప్రతినిధుల సభ 296-133తో, సెనేట్ 77-23తో యుద్ధాధికారం ఇచ్చింది 2002 అక్టోబర్‌లో, మధ్యంతర ఎన్నికల ముంగిట. ఇరాక్‌లో ఐరాస ఆయుధ తనిఖీలు మళ్లీ మొదలైంది నవంబర్ 27న. అంటే తీర్పు ముందు, విచారణ తర్వాత. తనిఖీల్లో ఏమీ దొరక్కపోతే, చూశారా ఎంత బాగా దాచాడో అన్నారు. దొరికినా నేరమే, దొరక్కపోయినా నేరమే. ఆఫ్రికా దేశం నైజర్ నుంచి ఇరాక్ యురేనియం కొనజూసిందనే పత్రాలు నకిలీవని 2003 మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి అల్ బరాదీ భద్రతా మండలిలో చెప్పారు. 13 రోజులకే దాడి మొదలైంది.

ఆయుధ నిల్వలు లేవని 2004లో అమెరికా సొంత బృందమే తేల్చింది. అప్పటికి యుద్ధానికి చెప్పే కారణం ఇరాక్‌లో ప్రజాస్వామ్యంగా మారింది. ఆ తర్వాత, చనిపోయిన సైనికుల త్యాగం వృథా కాకూడదన్నారు. యుద్ధం సాగినకొద్దీ బలపడే కారణం అదొక్కటే.