పెంబర్లీ ఎవరి పేరున ఉంది?

1995లో బీబీసీ తీసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' గురించి ఎవరిని కదిపినా ముందు చెరువు సీనే చెబుతారు. హీరో డార్సీగా చేసిన కోలిన్ ఫర్త్ చెరువులో ఈతకొట్టి, తడి చొక్కాతో నడిచొస్తుంటాడు. అనుకోకుండా కథానాయిక ఎలిజబెత్ ఎదురుపడుతుంది. జేన్ ఆస్టిన్ నవలలో ఆ ఈత లేదు. స్క్రిప్టు రాసిన ఆండ్రూ డేవిస్ కలిపిన ముక్క అది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ ఆరు ఎపిసోడ్లను ముప్ఫై ఏళ్లుగా జనం మళ్లీ మళ్లీ చూస్తున్నది ఆ చొక్కా కోసమే అంటే మాత్రం నమ్మను. డార్సీ, ఎలిజబెత్ చివరికి పెళ్లి చేసుకుంటారని మొదటిసారే తెలిసిపోయింది. తెలిసిన కథ కోసం మళ్లీ ఆరు గంటలు ఎందుకు కూర్చుంటాం?

నా జవాబు ఆస్తి. పొలం, ఇల్లు, వీలునామా, కట్నం, బాకీ, వడ్డీ. వీటి గురించి, పాత కాలం కథలు చెప్పే బ్రిటిష్ పీరియడ్ డ్రామా అంత ఓపిగ్గా, అంత దాపరికం లేకుండా మాట్లాడే టీవీని నేను ఇంకెక్కడా చూడలేదు. మొదటిసారి చూసేటప్పుడు ఎవరు ఎవరిని చేసుకుంటారన్న టెన్షన్‌లో ఇది పెద్దగా పట్టదు. రెండోసారి ఆ టెన్షన్ ఉండదు. అప్పుడు మాటల వెనకున్న లెక్కలు వినిపించడం మొదలవుతుంది. మళ్లీ చూడటంలో ఉన్న అసలు ఆనందం అదే.

ఎలిజబెత్ తల్లి మిసెస్ బెన్నెట్‌నే తీసుకోండి. అలిసన్ స్టెడ్‌మన్ ఆ పాత్రను గొంతు చించుకుంటూ, రుమాలు ఊపుతూ చేసింది. మొదటిసారి ఆవిడ తెర మీదకు వస్తే తల పట్టుకుంటాం. లైబ్రరీలో కూర్చుని చమత్కారాలు విసిరే భర్త మీద జాలిపడతాం. రెండోసారి పరిస్థితి తిరగబడుతుంది. ఆ ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు. లాంగ్‌బోర్న్ భూమి మీద ఏడాదికి 2 వేల పౌండ్లు వస్తుంది, కానీ అది మగ వారసుడికే చెందాలని దస్తావేజుల్లో బిగించి పెట్టారు. తండ్రి కన్ను మూసిన మర్నాడే ఇల్లూ పొలమూ దూరపు బంధువు కాలిన్స్‌వి అవుతాయి. తల్లీ పిల్లలూ మూట సర్దుకోవాలి. కొడుకు పుడితే చిక్కు తీరిపోతుందనుకుని మిస్టర్ బెన్నెట్ ఏమీ కూడబెట్టలేదని నవలలోనే ఉంది. ఇదంతా తెలిసి చూస్తే ఆ ఇంట్లో రేపటి గురించి ఆలోచిస్తున్నది ఒక్క ఆవిడే. ఆమె అరుపులు భయం వల్ల వచ్చినవి. ఆయన చమత్కారాలు బాధ్యత తప్పించుకోవడానికి పనికొచ్చినవి. నాలాంటి వీక్షకులకు ఆయన మీద కోపం రావడానికి రెండోసారి చూడటం కావాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ లూకాస్. 27 ఏళ్ల వయసు, ఆస్తి లేదు, అందగత్తె అన్న పేరూ లేదు. ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌ను ఆమె ఔనంటుంది. మొదటిసారి మనం ఎలిజబెత్‌తో పాటే ముఖం చిట్లిస్తాం. కానీ ఎలిజబెత్ ఆమె కాపురం చూడటానికి వెళ్లిన ఎపిసోడ్‌ను మళ్లీ చూడండి. భర్త తోటపని చేసుకుంటానంటే షార్లెట్ బాగా ప్రోత్సహిస్తుంది. ఆరోగ్యానికి మంచిదట. తాను కూర్చోవడానికి భర్త గదికి దూరంగా ఉన్న గది ఎంచుకుంది. రోజంతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది కాసేపే అయ్యేలా ఇల్లంతా అమర్చుకుంది. ఫిర్యాదు లేదు, కన్నీళ్లు లేవు. నలుపు తెలుపుల్లో తీసిన మన పాత కుటుంబ చిత్రాల్లో ఇలాంటి పెళ్లికి ఒక విషాద గీతం ఉండేది. ఇక్కడ ఒక గది తలుపు మూసుకోవడం ఉంది. తన పేరున ఏమీ లేని ఆడమనిషి తనకంటూ నాలుగు గోడలు సంపాదించుకున్న తీరు అది. ఆ సీరియల్ మొత్తంలో ఇంతకన్నా గొప్ప సన్నివేశం లేదన్నది నా అభిప్రాయం. చెరువు సీన్ కూడా దీని తర్వాతే.

ఎలిజబెత్ సంగతి? డార్సీ మీద ప్రేమ ఎప్పుడు మొదలైందని అక్క అడిగితే, అతని ఎస్టేటు పెంబర్లీ తోటలు చూసినప్పటి నుంచేనని నవలలో ఆమె సరదాగా అంటుంది. బీబీసీ వాళ్లు ఆ పెంబర్లీ కోసం చెషర్‌లోని లైమ్ పార్క్ భవనాన్ని బయటి నుంచి చూపించారు. బండి చెట్ల మధ్య నుంచి బయటికొచ్చి ఆ భవనం కంటపడగానే ఎలిజబెత్‌గా చేసిన జెనిఫర్ ఎలీ ముఖం గమనించండి. అంతకుముందు డార్సీని కాదనకపోయి ఉంటే ఆ ఇల్లు తనది అయి ఉండేదన్న ఎరుక అందులో ఉంది. దాన్ని దురాశ అనలేం. సొంతిల్లు లేని మనిషికి ఇంటి విలువ తెలియడం దురాశ కాదు.

ఇదే కళ్లతో 2004లో వచ్చిన 'నార్త్ అండ్ సౌత్' చూడండి. ఎలిజబెత్ గాస్కెల్ నవలకు శాండీ వెల్చ్ రాసిన నాలుగు ఎపిసోడ్ల సీరియల్ ఇది. మిల్టన్ అనే ఊరు పేరుకే కల్పితం, అచ్చంగా మాంచెస్టర్. కథానాయిక మార్గరెట్ మొదటిసారి మిల్లు తలుపు తీసినప్పుడు లోపల గాలి నిండా దూది తేలుతుంటుంది, మంచు పడుతున్నట్టు. చూడటానికి ఎంతో అందం. ఆ దూదే బెస్సీ అనే పిల్ల ఊపిరితిత్తులు తినేస్తోందని కథ ముందుకు వెళ్లాక తెలుస్తుంది. రెండోసారి చూసేవాళ్లకు మొదటి క్షణం నుంచే తెలుసు కాబట్టి ఆ అందం భరించలేనిదిగా మారుతుంది. ఆ లాంకషర్ మిల్లుల చవక గుడ్డే మన మగ్గాల మీద వచ్చి పడింది. అందుకే ఈ సీరియల్‌ను తెలుగువాళ్లు ఇంగ్లీషువాళ్లకన్నా ఒక ఆకు ఎక్కువే చదవగలరు.

చివర్లో రైల్వే స్టేషన్‌లో ముద్దు సీన్ ఉంది. మిల్లు యజమాని థార్న్‌టన్‌గా చేసిన రిచర్డ్ ఆర్మిటేజ్‌కు వేలమంది అభిమానులను తెచ్చిన సీన్. ఆ ముద్దుకు ముందు మార్గరెట్ ఏం మాట్లాడుతోందో ఎంతమంది విన్నారో! ఆమెకు వారసత్వంగా డబ్బు వచ్చింది. థార్న్‌టన్ మిల్లు మూతపడింది. బ్యాంకులో మూలుగుతున్న నా డబ్బుకు వడ్డీ తక్కువ వస్తోంది, మీరు తీసుకుని మిల్లు నడిపితే నాకు అంతకన్నా మంచి వడ్డీ ఇవ్వగలరు. ఆమె చెబుతున్నది ఇదే, తడబడుతూ. ప్రేమను ఒప్పుకోవడానికి ఆమెకు దొరికిన భాష అప్పు పత్రం భాష. ఆమె చేతిలో సొంత డబ్బు ఉంది కాబట్టే అతనితో సమానంగా నిలబడి మాట్లాడగలిగింది.

ఇంకా వెనక్కి వెళితే 1967 నాటి 'ఫోర్సైట్ సాగా'. 26 ఎపిసోడ్లు, నలుపు తెలుపు. ఆదివారం రాత్రి మళ్లీ వేసినప్పుడు కొన్ని చర్చిలు సాయంత్రపు ప్రార్థన వేళలు మార్చుకున్నాయి. సోమ్స్ ఫోర్సైట్ పెళ్లాన్ని కూడా తన ఆస్తి పట్టికలో రాసుకున్న మనిషి. 1994 'మిడిల్‌మార్చ్'లో కాసాబన్ చచ్చిపోతూ కూడా భార్య డొరొథియా మీద పట్టు వదలడు: లాడిస్లా అనే యువకుణ్ణి చేసుకుంటే నా ఆస్తి దక్కదని వీలునామాకు తోక తగిలిస్తాడు. 2005 'బ్లీక్ హౌస్'లో జార్న్‌డైస్ దావా తరాల తరబడి నడిచి, తీరా తేలేసరికి ఆస్తి మొత్తం కోర్టు ఖర్చులకే సరిపోతుంది. ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని మనవాళ్లన్న మాటకు పదిహేను ఎపిసోడ్ల వ్యాఖ్యానం అది. డికెన్స్ ఆ నవలను నెలనెలా భాగాలుగా అచ్చేశాడు. బీబీసీ కూడా దాన్ని అరగంట ముక్కలుగా కోసి వేయడం తెలివైన పని.

ఇక 'డౌన్‌టన్ యాబీ'. 2010 నుంచి 2015 దాకా 52 ఎపిసోడ్లు. మొదలే 1912 ఏప్రిల్, టైటానిక్ మునిగిందన్న తంతి. వారసులు పోయారు. లార్డ్ గ్రాంథమ్‌కు ముగ్గురు కూతుళ్లు ఉన్నా ఎస్టేటు మాంచెస్టర్‌లో లాయరుగా ఉన్న దూరపు చుట్టం మాథ్యూకు పోతుంది. ఆయన భార్య కోరా అమెరికా నుంచి తెచ్చిన కట్నం కూడా ఎస్టేటులో కలిపి ముడివేశారు కాబట్టి కూతురికి అదీ రాదు. తెర బయట కథా ఇలాంటిదే. షూటింగ్ జరిగిన హైక్లియర్ కాసిల్‌లో ఐదో ఎర్ల్ ఆఫ్ కార్నార్వన్ పెళ్లితో రాత్‌షీల్డ్ బ్యాంకర్ల సొమ్ము వచ్చి చేరింది. 1922లో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిని వెలికితీసిన తవ్వకాలకు డబ్బు పెట్టింది ఆయనే.

అయితే డౌన్‌టన్‌లో నేను తిరిగి తిరిగి చూసేది మేడ మీద గదులను కాదు, కింద వంటింటిని. హౌస్‌మెయిడ్ గ్వెన్ టైపు మిషన్‌ను గదిలో దాచుకుని పోస్టు ద్వారా పాఠాలు నేర్చుకుంటుంది. వంటమనిషి మిసెస్ పాట్‌మోర్ తనకు కలిసొచ్చిన కాస్త డబ్బుతో ఒక చిన్న ఇల్లు కొంటుంది. బట్లర్ కార్సన్‌కూ ఆ ఆలోచన నచ్చి, హౌస్‌కీపర్ మిసెస్ హ్యూస్‌తో కలిసి ఒక ఇల్లు కొందామంటాడు. ఆమె దాటవేస్తూ వచ్చి చివరికి నిజం చెబుతుంది. మానసిక ఎదుగుదల సరిగా లేని చెల్లెలు ఉంది, ఇన్నేళ్ల జీతమూ ఆమె సంరక్షణకే పోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదు. జీవితమంతా ఇంకొకరి ఇంటి తాళాలు నడుముకు కట్టుకుని తిరిగిన మనిషి మాట ఇది. తర్వాత క్రిస్మస్ రాత్రి కార్సన్ వచ్చి ఇల్లు కొనేశానని, ఇద్దరి పేరునా రిజిస్టర్ చేయించానని చెబుతాడు. నా దగ్గర డబ్బు లేదన్నాను కదా అని ఆమె అభ్యంతరం చెబుతుంది. అప్పుడు గానీ అతను పెళ్లి ప్రస్తావన తీసుకురాడు.

జిమ్ కార్టర్, ఫిలిస్ లోగన్ ఆ సన్నివేశాన్ని ఒక్క పెద్ద మాట లేకుండా చేశారు. ఉంగరం లేదు, మోకాళ్ల మీద కూర్చోవడం లేదు. దస్తావేజులో రెండు పేర్లు ఉన్నాయి. టీవీలో నేను చూసిన ప్రేమ ప్రకటనల్లో దీన్ని మించింది లేదు. మేడ మీద దొర ముగ్గురు బిడ్డలకు చట్టం ఇవ్వనిది కింద పనిమనిషికి ఒక బట్లర్ ఇచ్చాడు. రచయిత జూలియన్ ఫెలోస్ దొరల పక్షపాతి అని ఎన్ని విమర్శలు వచ్చినా, ఈ ఒక్క సీన్‌కు ఆయనకు రుణపడి ఉంటాను.

ఈ డ్రామాలు దొరతనాన్ని అందంగా చూపించి అమ్ముకుంటాయని, ఆ మేడల కింద ఉన్న బానిసల చెమట, వలసల దోపిడీ చూపించవని ఒక వాదన ఉంది. చాలా సీరియళ్ల విషయంలో ఆ వాదన నిజం. అయినా 1984లోనే గ్రనడా సంస్థ 'ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్' తీసి, తెల్ల పోలీసు అధికారి మెరిక్ చేతిలో హరి కుమార్ పడ్డ హింసను ఇంగ్లండ్ డ్రాయింగ్ రూముల్లోకి తీసుకెళ్లింది. పైగా ఈ సొమ్ము ఎక్కడిదని అడగడం నేర్పేది కూడా ఈ డ్రామాలే. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో బింగ్లీ అక్కచెల్లెళ్లు వ్యాపారస్థులను చిన్నచూపు చూస్తారు, వాళ్ల డబ్బంతా వ్యాపారంలో వచ్చిందే. ఆ సంగతి సీరియల్ దాచదు. అడిగే అలవాటున్న ప్రేక్షకుడికి మిగతా లెక్క తేల్చుకోవడం కష్టం కాదు.

ఇంగ్లండ్‌లో పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి హక్కు పూర్తిగా వచ్చింది 1882 చట్టంతో. అంటే ఎలిజబెత్, డొరొథియా, మార్గరెట్ కథలన్నీ అంతకుముందువి. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. మనం ముందున్నాం, అందుకు గర్వపడాలి. కానీ ఇప్పటికీ పల్లెలో పంపకాల రోజు ఏం జరుగుతుందో మనకు తెలుసు. పెళ్లికి కట్నం ఇచ్చాం కదమ్మా అంటారు. పుట్టింటితో రాకపోకలు కావాలో వద్దో చూసుకో అంటారు. హక్కు వదులుకుంటున్నట్టు కాగితం ముందు పెడతారు. చట్టం ఇచ్చినదాన్ని చుట్టరికం లాగేసుకుంటుంది. ఇంత పెద్ద విషయం మీద మన టీవీలో సీరియల్ ఏది? అత్తా కోడళ్ల గొడవలను వెయ్యి ఎపిసోడ్లు సాగదీస్తాం గానీ ఆ గొడవ ఏ ఎకరాల మీదో చెప్పం.

కథ మాత్రం సిద్ధంగా ఉంది. ఆ సవరణ అమల్లోకి రాకముందు పెళ్లయిన కూతుళ్లకు హక్కు వర్తించలేదు. కృష్ణా జిల్లాలోనో కరీంనగర్ జిల్లాలోనో ఒకే ఇంట్లో అక్క పెళ్లి 1985 మేలో, చెల్లెలి పెళ్లి మరుసటి ఏడాది మేలో జరిగాయనుకోండి. ఒకే తండ్రి, ఒకే పొలం. చెల్లెలికి వాటా ఉంది, అక్కకు లేదు. అన్న ఇద్దరినీ పిలిచి సంతకాలు అడుగుతాడు. చట్టప్రకారం అక్క సంతకంతో పనిలేదు, అయినా ఆమెను కూర్చోబెట్టేది చెల్లెల్ని ఒప్పించడానికి. 2005లో పెళ్లయిన కూతుళ్లకూ దారి తెరుచుకుంటుంది గానీ, 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు పంపకాలు అయిపోయి ఉంటే ఆ దారీ మూసుకుపోయినట్టే. ఆరు ఎపిసోడ్లు చాలు. మూడో ఎపిసోడ్ చివర చెల్లెలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బల్ల మీద కాగితం మొత్తం చదువుతుంది, పక్కన అన్న తొందరపెడుతున్నా సరే. ఆమె సంతకం పెట్టాలా వద్దా అన్నది రాసేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.