నియమం తప్పింది, టార్చిలైటు తే

(కోనసీమలో ఒక లంక ఊరు. రోహిణీ కార్తె, రాత్రి ఎనిమిదిన్నర. కరెంటు పోయింది. ఇన్వర్టరు రెండుసార్లు కీచుమని ఊరుకుంది. అరుగు మీద పడక్కుర్చీలో సత్యం, చేతిలో చక్కెరకేళి పండు. కొబ్బరి రైతు, రేపే కాయల దింపు. గడప మీద విసనకర్రతో భానుమతి. జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైంది. ఈ ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో ఇంకా తేలలేదు.)

సత్యం: అయిపోయింది. మీ ఫిజిక్సు పని అయిపోయింది, పంతులమ్మగారూ.

భానుమతి: ఏం పాపం చేసిందండీ?

సత్యం: పొద్దున్నుంచీ పచ్చలైటు వెలుగుతానే ఉంది. అంటే బ్యాటరీ నిండినట్టే కదా. తీరా చూస్తే రెండు నిమిషాలు కూడా రాలేదు. లోపలికెళ్ళిన శక్తి బయటికి రాలేదంటే శక్తి నిత్యత్వ నియమం మనింట్లో తప్పింది. పేపర్లో వేయిద్దామా?

భానుమతి: నియమం తప్పిందనే ముందు దొంగెవరో చూసుకోవాలి.

సత్యం: అదిగో. కట్టుకున్నవాడి మాట మీద నమ్మకం లేదు.

భానుమతి: మీదేముంది, నీల్స్ బోర్ అంతటాయన మాటే నిలవలేదు. బీటా క్షయంలో కేంద్రకంలోంచి ఎలక్ట్రాను బయటికొస్తుంది. లెక్క ప్రకారం ప్రతిసారీ ఒకే శక్తితో రావాలి. ఒకసారి సగంతో వచ్చింది, ఒకసారి పావుతో వచ్చింది. బోర్ కూడా మీలాగే, అంత చిన్న లోకంలో ఈ నియమం సగటున మాత్రమే నిలుస్తుందేమో అన్నాడు. పౌలీ అని ఇంకో శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. 1930 డిసెంబరు 4న ఉత్తరం రాశాడు, కంటబడని కణం ఏదో మిగతాది పట్టుకుపోతోందని.

సత్యం: దొరికిందా దొంగముండ?

భానుమతి: 26 ఏళ్ళకి. 1956లో రైన్స్, కోవన్ అనే ఇద్దరు అణు రియాక్టరు పక్కన కాపు కాసి పట్టుకున్నారు. న్యూట్రినో జాతి. అంత దూరం ఎందుకు, మీ చేతిలో పండులో పొటాషియం ఉందా? అందులో పదివేలకి ఒకటి చొప్పున రేడియోధార్మికమైంది. మోస్తరు పండులో సెకనుకి ఓ పదిహేను పరమాణువులు క్షయమవుతాయి. ఒక్కోదాంట్లోంచి ఒక దొంగ గోడ దూకుతుంది.

సత్యం: (పండుని దూరంగా పట్టుకుని) ఇన్నాళ్ళూ చెప్పవేం? పొద్దునే నాలుగు తిన్నాను!

భానుమతి: పొటాషియం మీ ఒంట్లోనే అంతకు మించి ఉంది. పండు మిమ్మల్ని చూసి భయపడాలి.

సత్యం: సరే, ఆ దొంగలకి పుట్టిల్లేదో దాన్నే మూసేద్దాం. ఏ బలం వల్ల పుడుతున్నాయవి?

భానుమతి: బలహీన బలం.

సత్యం: పేరులోనే బలం లేదు. తీసేయ్. ఎవడికి నష్టం?

భానుమతి: సూర్యుడికి. అక్కడ రెండు ప్రోటాన్లు కలవాలంటే ఒకటి న్యూట్రానుగా మారాలి. మార్చేది ఆ బలమే. బలహీనం కనకనే ఒక్కో ప్రోటానుకి వంతు రావడానికి సగటున కొన్ని వందల కోట్ల ఏళ్ళు పడుతోంది. సూర్యుడి నడిమధ్యలో ఘనమీటరుకి పుట్టే వేడి ఎంతనుకున్నారు? సుమారు 270 వాట్లు.

సత్యం: మన మూడున్నర ఫ్యాన్లా? ఓయబ్బో! దానికేనా రోహిణీ కార్తెలో ఇంత బడాయి?

భానుమతి: మన పెరట్లో పెంటకుప్ప కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. సూర్యుడి గొప్పంతా సైజుది.

సత్యం: బలం తీసేస్తే రేపు పొద్దున్నే ఆరిపోతాడా?

భానుమతి: ఆరడు. ఉన్న వేడితో, కుంచించుకుంటూ, కోట్ల ఏళ్ళు వెలుగుతాడు.

సత్యం: అయితే నా దింపు అయిపోద్ది. నాకేం బెంగ లేదు.

(విసనకర్ర ఒకసారి ఆగింది. భానుమతి ఓర్పు కోసం వెతుక్కుంటోంది.)

సత్యం: దింపంటే గుర్తొచ్చింది. లారీ కిరాయి మండిపోతోంది. కాయ సైజు సగం చేసే నియమం ఏదైనా ఉందా మీ పుస్తకాల్లో?

భానుమతి: ఉంది. ఎలక్ట్రాను ద్రవ్యరాశిని రెట్టింపు చెయ్యండి. పరమాణువు అడ్డం సగమైపోతుంది. కాయ అడ్డం సగం, పట్టే చోటు ఎనిమిదో వంతు.

సత్యం: తస్సాదియ్యా! ఒక లారీలో ఎనిమిది లారీల సరుకు! మరి కాయ బరువో?

భానుమతి: కేజీ కాయలో ఎలక్ట్రాన్లన్నీ కలిపి తూస్తే గ్రాములో మూడో వంతుకి కాస్త తక్కువ. రెట్టింపు చేసినా అంతే పెరుగుతుంది. మిగతా బరువంతా కేంద్రకాలదే.

సత్యం: అంబాజీపేటలో కాయ వెయ్యి లెక్కన కొంటారు. తూకం ఎవడడిగాడు? కానిచ్చేయ్.

భానుమతి: కానిచ్చాను. లారీ దేంతో చేశారు?

సత్యం: ఇనుముతో.

భానుమతి: ఇనుములో ఎలక్ట్రాన్లు లేవా? లారీ సగమైంది. టేపు సగమైంది. మీరూ సగమయ్యారు. లారీకి ఇదివరకు ఎన్ని కాయలు పట్టేవో ఇప్పుడూ అన్నే.

సత్యం: (కాస్త ఆలోచించి) పోన్లే. నష్టమూ లేదుగా.

భానుమతి: భూమి కూడా పరమాణువులతోనే కట్టింది. దాని వ్యాసార్థమూ సుమారు సగానికి వస్తుంది, ద్రవ్యరాశి మాత్రం అంతే ఉంటుంది. అంటే పైనున్న ప్రతిదాని బరువూ నాలుగు రెట్లు. అరవై కేజీల దింపు కుర్రాడు రెండువందల నలభై కేజీలై చెట్టెక్కాలి.

సత్యం: వాడు ఇప్పుడే చెట్టుకింతని బేరమాడుతున్నాడు.

భానుమతి: ఇంకా ఉంది. సూర్యుడిలో రెండు ప్రోటాన్లు కలిసి డ్యుటీరియం, అంటే బరువు హైడ్రోజన్ కేంద్రకం, అయ్యేటప్పుడు ఒక పాజిట్రాను పుట్టాలి. అది ఎలక్ట్రానుకి కవల, బరువు అంతే, ఛార్జి మాత్రం ప్లస్. దానికి చేతిలో ఉన్నది 0.931 ఎంఈవీ. ఎంఈవీ అంటే ఆ చిన్న లోకంలో శక్తిని, బరువుని లెక్కపెట్టే రూపాయి అనుకోండి. ఇప్పటి పాజిట్రాను ఖరీదు 0.511, హాయిగా సరిపోయింది. రెట్టింపు చేస్తే 1.022. డబ్బులు చాలవు. సూర్యుడి మామూలు దారి మూతబడి, ఎలక్ట్రానుని ముందే మింగే అరుదైన దారి ఒక్కటే మిగులుతుంది.

సత్యం: అయితే మూడు రెట్లు చేసెయ్. సగం సగం పనులు నాకు నచ్చవు.

భానుమతి: రెండున్నర దాటితే మీ కాయలో నీళ్ళుండవు.

సత్యం: నీళ్ళ జోలికెందుకొచ్చావ్?

భానుమతి: న్యూట్రాను ప్రోటాను కన్నా 1.293 ఎంఈవీ బరువు. ఎలక్ట్రాను అంతకన్నా తేలిక కనక హైడ్రోజన్లో ప్రోటాను దాన్ని మింగలేదు, పెట్టుబడి చాలదు. 0.511ని 2.53 రెట్లు చేస్తే ఆ గీత దాటేస్తాం. అప్పుడు హైడ్రోజన్ పరమాణువు తనంతట తనే న్యూట్రానై కూర్చుంటుంది. హైడ్రోజన్ లేకపోతే నీళ్ళు లేవు, కొబ్బరినూనె లేదు, గోదారి లేదు. మీరూ లేరు.

సత్యం: నేను లేకపోతే నీకు సుఖమేగా.

భానుమతి: నేనూ ఉండను కదండీ. అదే ఇబ్బంది.

(ఎక్కడో కప్ప అరిచింది. సత్యం పండు తినేసి తొక్క అరుగు కిందకి విసిరాడు. అది తర్వాత ఎవరు తీస్తారో ఇద్దరికీ తెలుసు.)

సత్యం: పెద్ద మార్పులడిగితే ఒప్పుకోవు. చిన్నది అడుగుతాను. ప్రోటానుకీ ఎలక్ట్రానుకీ ఛార్జి సరిసమానం అంటావు కదా. మధ్యలో నేను దళారీగా ఉండి కొంచెం కమీషన్ తీసుకుంటాను. లక్ష కోట్లలో ఒక్క వంతు. ఎవడికీ తెలీదు.

భానుమతి: లక్ష కోట్లలో ఒకటా? సరే, కేజీ కాయలు రెండు తీసుకోండి. ఒక్కోదాంట్లో ప్రోటాన్ల ఛార్జి మొత్తం అయిదు కోట్ల కూలుంబులు. మీ కమీషన్ పోను మిగిలే తేడా ఒక కూలుంబులో లక్షకి అయిదు వంతులు. ఆ రెండిటినీ మీటరు దూరంలో పెడితే రెండున్నర కేజీల బరువంత జోరుతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాయ బరువే కేజీ. రాశి పోసిన వెయ్యి కాయలూ కళ్ళంలో నిలుస్తాయా? దీపావళి అవుతుంది.

సత్యం: అంత పిసరుకేనా?

భానుమతి: అందుకే జనం పట్టుబట్టి కొలిచారు. ఒకటి పక్కన 21 సున్నాలు పెడితే వచ్చే అంకెలో ఒక వంతు దాకా చూసినా తేడా కనపళ్ళేదు. దళారీ లేని బజారు అదొక్కటే.

సత్యం: మొన్న అమలాపురం బస్సులో నిలబడలేక చచ్చాను. ఒక సీట్లో ఎంతమందైనా కూచోవచ్చనే నియమం...

భానుమతి: పౌలీ వర్జన నియమం, 1925. మళ్ళీ ఆ మనిషే. పరమాణువులో ఒక్కో సీటుకి ఇద్దరే ఎలక్ట్రాన్లు. ఆ ఇద్దరూ కూడా ఎడమొహం పెడమొహంగా తిరిగి ఉండాలి.

సత్యం: మన పెళ్ళిఫోటో లాగా.

భానుమతి: ఆ నియమం ఎత్తేస్తే ఇనుములో 26 ఎలక్ట్రాన్లూ ముందు సీట్లోకి ఎగబడతాయి. బయటి వరసల్లో ఎవరూ మిగలరు. సోడియం ఇచ్చేది లేదు, క్లోరిన్ పుచ్చుకునేది లేదు. ఉప్పు లేదు, ఆవకాయ లేదు. డైసన్, లెనార్డ్ అని ఇద్దరు 1967లో లెక్క తేల్చారు, వస్తువు వస్తువుగా నిలబడ్డమే ఆ నియమం మీద అని. లేకపోతే రెండు కాయల్ని కలిపి పెడితే రెండు కాయల చోటు ఆక్రమించవు. ఇంకా లోపలికి కుంగి, ఆ కుంగడంలో బాంబంత శక్తి వదుల్తాయి.

సత్యం: ఆవకాయ జోలికి రాకు. ఆ నియమం ఉండనీ. (దోమని కొట్టి) మరి స్పీడు లిమిట్? కాంతిని మించకూడదని. మీ న్యూట్రినోయే దాన్ని దాటిందట. పేపర్లో చదివాను.

భానుమతి: 2011 సెప్టెంబరులో అన్నారు. జెనీవా దగ్గర కణాల పరిశోధనశాల సెర్న్‌ నుంచి ఇటలీలో గ్రాన్ సాసో దాకా 730 కిలోమీటర్లు. కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందొచ్చాయని.

సత్యం: చూశావా! ఏమైంది తర్వాత?

భానుమతి: చెప్తాను. ముందు మీ కోరిక తీరుద్దాం. హద్దు ఎత్తేశాను. కాంతికి ఎంత వేగమైనా ఉండొచ్చు. (చెయ్యి చాచి) ఈ గాజులేం రంగు?

సత్యం: బంగారం రంగు. నా రెండు దింపుల రంగు.

భానుమతి: ఇక తెల్లవి. బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. ఆ లాగుడికి లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో 58 శాతంతో తిరుగుతాయి. అంత వేగంలో వాటి జడత్వం పెరుగుతుంది, కక్ష్య బిగుసుకుంటుంది. ఆ బిగువు 6ఎస్ అనే బయటి వరస దాకా పాకి దాన్ని కిందికి దింపుతుంది. దాని కిందున్న 5డీ వరస నుంచి 6ఎస్‌కి ఎలక్ట్రాను వేసే గంతు చిన్నదై, నీలి కాంతితోనే సరిపోతుంది. నీలం మింగేసి మిగతాది వెనక్కిస్తుంది కనక పసుపు. హద్దు తీసేస్తే ఈ కథేమీ లేదు. గంతు అతినీలలోహితంలోకి పోయి, వెండిలాగే తెల్లగా ఉంటుంది.

సత్యం: (కుర్చీలో లేచి కూచుని) అంటే పెళ్ళిళ్ళకి వెండి, బంగారం తేడా తెలీదా? మన పెద్దమ్మాయికి పెట్టిన...

భానుమతి: నీరుల్లిపొరంత తేడా కూడా తెలీదు.

సత్యం: మరింకేం! ఇదే కావాలి. ఇంతసేపూ ఇది దాచావా? తీసెయ్ హద్దు!

భానుమతి: తీస్తే ఇన్వర్టరు పన్జెయ్యదు.

సత్యం: ఇప్పుడు చేస్తున్నట్టు.

భానుమతి: సీసానికి 82 ప్రోటాన్లు. బంగారానికి పట్టిన వేగమే దానికీ పట్టింది. స్వీడన్, ఫిన్లాండ్ వాళ్ళు 2011లోనే లెక్కకట్టారు. మీ బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. అందులో 1.7, 1.8 వోల్టులు ఆ సాపేక్షత, అంటే కాంతి వేగానికి హద్దుండటం, పెట్టిన భిక్షే. హద్దు తీసేస్తే 12 వోల్టుల బ్యాటరీలో మిగిలేది రెండు చిల్లర. తగరంతో బ్యాటరీ చేసినట్టు ఉంటుంది. తగరంతో ఎవరైనా చేస్తారా?

సత్యం: (గాజుల వంక, చీకట్లో ఇన్వర్టరు వంక చూసి) రెండిట్లో ఒకటే కుదురుతుందా?

భానుమతి: రెండూ ఉంటాయి, లేదా రెండూ పోతాయి. టార్చిలైటు తెండి. ఈ బ్యాటరీ సంగతి చూద్దాం.

(పడమటి గది మూల. ఇన్వర్టరు కింద బ్యాటరీ. ప్లస్ దిమ్మ మీద తెల్లగా, అంచుల్లో నీలంగా పొక్కులు. భానుమతి వైరు కొసని వేలితో కదిపింది. చేతితోనే తిరిగింది.)

భానుమతి: ఇదిగో మీ తప్పిపోయిన నియమం. నట్టు వదులు, పైగా సల్ఫేటు పేరుకుంది. ఇక్కడ నిరోధం పదో వంతు ఓమ్ అనుకోండి. మూడు ఫ్యాన్లు, టీవీ, లైట్లు కలిపి బ్యాటరీలోంచి 30 ఆంపియర్లు లాగుతాయి. ముప్ఫైని పదో వంతుతో గుణిస్తే మూడు వోల్టులు ఈ నట్టు దగ్గరే ఆవిరి. పన్నెండున్నరలో మూడు పోతే తొమ్మిదిన్నర. పదిన్నర దాటి పడగానే ఇన్వర్టరు కీచుమని మూసేస్తుంది.

సత్యం: మరి పచ్చలైటో?

భానుమతి: ఛార్జరు కొలిచేది బ్యాటరీ వోల్టేజి, నట్టు మింగే వోల్టేజి కలిపి. 14 కనపడగానే నిండిందనుకుంది. శక్తి పోలేదు, అసలు పూర్తిగా లోపలికే రాలేదు. వచ్చినదాంట్లో కూడా, ఫ్యాన్లు లాగేటప్పుడు సెకనుకి 90 జౌళ్ళు ఈ మూల వేడెక్కడానికే సరి. పట్టుకు చూడండి.

సత్యం: అబ్బా! కాలింది.

భానుమతి: ముందు ఇన్వర్టరు ఆపి, ప్లగ్గు పీకండి. మైనస్ వైరు మొదట విప్పాలి, ప్లస్ తర్వాత. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు వంటసోడా వేసి పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి. మూతలు బిగించి ఉన్నాయా? సోడా లోపల పడితే యాసిడ్ చచ్చిపోతుంది. తుడిచి ఆరబెట్టి, ఈసారి ప్లస్ ముందు, మైనస్ తర్వాత. స్పానరుతో బిగించి పైన వాసెలీన్ పుయ్యండి.

సత్యం: కొబ్బరినూనె రాయకూడదా? ఇంట్లో పీపాడుంది.

భానుమతి: వేడికి జారిపోతుంది.

సత్యం: (రుద్దుతూ) అవునూ, ఆ 60 నానోసెకన్లు ఏమయ్యాయి?

భానుమతి: అదీ ఇదే. గడియారానికి వెళ్ళే ఫైబర్ తీగ సరిగ్గా బిగించలేదు. నెలల తరబడి ప్రపంచమంతా ఐన్‌స్టైన్‌ని ఆడిపోసుకున్నాక, 2012లో కనుక్కున్నారు. బిగించి కొలిస్తే న్యూట్రినోలు బుద్ధిగా కాంతితో పాటే వచ్చాయి.

సత్యం: అంత చదువుకున్నవాళ్ళూ!

భానుమతి: వాళ్ళయినా నయం, ఎవరు వదిలారో చెప్పుకోకుండా వెతికారు. మన బ్యాటరీలో పోయిన నెల డిస్టిల్డ్ వాటర్ పోసిందెవరు?

సత్యం: (బ్రష్షు మీదే దృష్టి పెట్టి) నీళ్ళు పొయ్యాలంటే వైరు అడ్డొస్తోందని కాస్త పక్కకి... స్పానరు పక్కింటివాడు పట్టుకెళ్ళాడు, చేత్తోనే బిగించాను. గట్టిగానే.

(నట్టు బిగిసింది. ఈ చివరి ముక్క మన ఇంట్లో జరగదు అనుకునేవాళ్ళు ఓసారి తమ బ్యాటరీ చూసుకోవచ్చు. స్విచ్చి వేశారు. ఫ్యాను మూలిగి, తిరిగింది.)

సత్యం: ఆహా! ఇంతకీ పేపర్లో ఏమని వేయిద్దాం?

భానుమతి: దొంగ దొరికాడని వేయించండి. ఫొటో మీదిద్దాం.