పెళ్లి ఆగుతుంది, చావు ఆగదు

2020 మే 1న భారత హోం శాఖ ఇచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వుల్లో పెళ్లికి 50 మంది దాకా, అంత్యక్రియలకు 20 మంది దాకా రావచ్చన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 28 నుంచి ఇంగ్లండ్‌లో పెళ్లికి 15 మంది, అంత్యక్రియలకు 30 మంది. వైరస్ ఒకటే, అది మనిషి నుంచి మనిషికి పాకే తీరూ ఒకటే. లెక్కలు మాత్రం తలకిందులు. నా మట్టుకు ఇంగ్లండ్ లెక్కే సరైనది. పెళ్లిని ఆరు నెలలు వాయిదా వేసుకోవచ్చు, తప్పదనుకుంటే ఏడాదైనా ఆగొచ్చు. పుట్టినరోజు మళ్లీ వస్తుంది. కన్నతల్లిని సాగనంపే రోజు మాత్రం ఒక్కటే. అది దాటిపోతే వీడియో కాల్‌లో చూసిన దృశ్యం తప్ప ఇంకేమీ మిగలదు.

కరోనా కాలంలో కుటుంబాల రాకపోకల మీద, వేడుకల మీద పెట్టిన ఆంక్షలన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నతో తూచి చూడాలి: ఈ సందర్భం ఆగుతుందా, ఆగదా? చాలా ప్రభుత్వాలు ఆ ప్రశ్న వేయలేదు. తలలు లెక్కపెట్టి ఊరుకున్నాయి.

అలాగని ఆంక్షలే అక్కర్లేదనడం లేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మిల్లినాకెట్ అనే చిన్న ఊరుంది. 2020 ఆగస్టు 7న ఆ ప్రాంతంలో జరిగిన ఒక పెళ్లికి 55 మంది వచ్చారు. విందు జరిగిన చోట గుమ్మం దగ్గరే జ్వరం ఉందేమో చూశారు. మాస్కు పెట్టుకోవాలని బోర్డులూ పెట్టారు. పనివాళ్లు పెట్టుకున్నారు, అతిథులు పెట్టుకోలేదు. ఆ తర్వాత వైరస్ ఎంతో దూరాన ఉన్న ఒక వృద్ధాశ్రమానికీ, ఇంకా దూరంలోని ఒక జైలుకూ చేరింది. ఆ పెళ్లితో ముడిపడిన కేసులు 177 అని ఆరోగ్య అధికారులు లెక్క తేల్చారు. ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా పెళ్లికి వెళ్లినవారు కాదు. ‘మా ఇంటి వేడుక మా ఇష్టం, మా ప్రాణాలకు మేమే పూచీ’ అనే వాదన ఇక్కడే వీగిపోతుంది. ఆ వేడుకకు మూల్యం చెల్లించినవారికి దాని సంగతే తెలియదు.

కాబట్టి ఆగగలిగినవాటిని ఆపమనడం న్యాయమే. బాధ కలిగించేది రెండో వైపు. ఆగలేనివాటిని కూడా అదే గాటన కట్టేశారు, పైగా ఎవరు కుటుంబమో, ఎవరు కాదో ప్రభుత్వాలే తేల్చాయి.

ఆస్ట్రేలియాయే చూడండి. 2020 మార్చి 20న విదేశీయులకు సరిహద్దులు మూసేసింది. కొద్ది రోజులకే సొంత పౌరులు కూడా అనుమతి లేకుండా దేశం దాటకూడదంది. పౌరుల దగ్గరి కుటుంబ సభ్యులకు మినహాయింపు ఇచ్చారు కానీ, ఆ జాబితాలో భార్యాభర్తలు, వారి మీద ఆధారపడిన పిల్లలు ఉన్నారే తప్ప తల్లిదండ్రులు లేరు. అక్కడ స్థిరపడినవారికి బిడ్డ పుడితే, ఆ మినహాయింపు కింద అమ్మమ్మ వెళ్లే దారి లేకపోయింది. ఒక్కగానొక్క కొడుకు అక్కడుంటే, ఒంటరిగా మిగిలిన తండ్రికీ అంతే. తల్లిదండ్రులనూ దగ్గరి కుటుంబంగా లెక్కించింది 2021 నవంబరు 1 నుంచి. అంటే ఏడాదిన్నరకు పైగా, చట్టం దృష్టిలో కన్నవాళ్లు పరాయివాళ్లు. ఆ దేశం వైరస్‌ను చాలాకాలం అదుపులో పెట్టి ఎన్నో ప్రాణాలు కాపాడిన మాట నిజం. క్వారంటైన్ ఏర్పాట్లు ఉండగా, ఒక తల్లికి ఒక సీటు ఇవ్వడం వల్ల ఆ విజయం దెబ్బతినేదంటే మాత్రం నేను నమ్మను.

దేశం లోపలా అంతే. క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రాల మధ్య కూలంగట్టా, ట్వీడ్ హెడ్స్ అనే జంట పట్టణాలున్నాయి. వీధి దాటితే రాష్ట్రం మారుతుంది. 2021లో ఆ వీధుల్లో ప్లాస్టిక్ అడ్డుగోడలు పెట్టారు. సెప్టెంబరులో అక్కడి ఫాదర్స్ డే నాడు కుటుంబాలు ఆ గోడకు ఇటొకరు, అటొకరు నిలబడి మీదుగా వంగి కౌగిలించుకున్నాయి. వైరస్ సోకడానికి ఆ కౌగిలి చాలు. మరి ఆ అడ్డుగోడ ఆపిందేమిటి?

కెనడా కొంత మెరుగు. మొదట దగ్గరి బంధువులకే తలుపు తీసినా, 2020 అక్టోబరులో పెళ్లికాని జంటలకు, పెద్దయిన పిల్లలకు, మనవలకు కూడా దారి ఇచ్చింది. చావుబతుకుల్లో ఉన్నవారిని చూడటానికి, అంత్యక్రియలకు వచ్చేవారికి విడిగా అనుమతులు పెట్టింది. సందర్భాన్ని చూడటమంటే ఇదీ.

నిబంధన ఏమిటన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎప్పుడు చెప్పారన్నదీ అంతే ముఖ్యం. 2020 మార్చి 7 రాత్రి ఇటలీలో ఉత్తరాదిన ఉన్న లొంబార్డీ ప్రాంతాన్ని మూసేస్తున్నారన్న ముసాయిదా బయటికి పొక్కగానే అక్కడి మిలాన్ నగరంలో జనం దక్షిణాది రైళ్ల కోసం పరుగులు తీశారు. అదే నెల 24న మన దేశంలో రాత్రి 8 గంటలకు ప్రకటించి అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్ పెట్టారు. నాలుగు రోజులకు ఢిల్లీ ఆనంద్ విహార్ బస్టాండు దగ్గర వేలాది వలస కూలీలు కిక్కిరిసిపోయారు. బ్రిటన్‌లో క్రిస్మస్‌కు మూడు ఇళ్లవాళ్లు ఐదు రోజులు కలిసి ఉండొచ్చని నవంబరులో మాటిచ్చి, డిసెంబరు 19న వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రే లండన్ స్టేషన్లు నిండిపోయాయి. మూడు చోట్లా కట్టడి పేరుతో తెచ్చిన నిర్ణయమే గుంపుల్ని పోగేసింది. ఇంటికి చేరాలనుకునే మనిషిని గంటల గడువుతో ఆపలేం.

పాలకులు తమకు తాము ఇచ్చుకున్న సడలింపుల గురించి ఎంత చెప్పినా తక్కువే. నార్వే అప్పటి ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ 60వ పుట్టినరోజు వేడుకలో కుటుంబ సభ్యులు పది మంది పరిమితి దాటినందుకు 2021 ఏప్రిల్‌లో పోలీసులు ఆమెకు 20,000 క్రోనర్ల జరిమానా వేశారు. బ్రిటన్‌లో అదే నెల 17న భర్త అంత్యక్రియల్లో రాణి ఎలిజబెత్ ఒంటరిగా కూర్చున్నారు. ముందురోజు రాత్రి ప్రధాని కార్యాలయంలో సిబ్బంది విందులు జరిగాయని తర్వాత బయటపడింది. ఆ దేశంలో 30 మంది పరిమితికి తలొగ్గి, దగ్గరివాళ్లనే రావద్దని చెప్పుకున్న కుటుంబాలెన్నో. వాళ్ల కోపం న్యాయమైనది. మరోసారి ఆంక్షలంటే వాళ్లు నమ్మకపోతే ఆ తప్పు వాళ్లది కాదు.

ఇలాంటి రోజులు మళ్లీ వస్తే ఏం చేయాలో చూపించే నమూనాలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో 2020 మే 11న 26 వృద్ధాశ్రమాల్లో, ఒక్కొక్కరిని చూడటానికి ఒక మనిషి చొప్పున జాగ్రత్తలతో అనుమతించి చూశారు, తర్వాత మిగతా ఆశ్రమాలకూ విస్తరించారు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడా చేసిన చట్టం ఇంకా ముందుకెళ్లింది. ఆసుపత్రిలోనో, వృద్ధాశ్రమంలోనో ఉన్నవారు తమకు కావలసిన ఒకరిని తామే పేర్కొనవచ్చు. ఆ ఒకరు బంధువే కానక్కర్లేదు, స్నేహితులైనా సరే. వారిని రోజుకు కనీసం రెండు గంటలు లోపలికి రానివ్వాలి. కాన్పు సమయంలో, అంతిమ ఘడియల్లో చూడటానికి వచ్చినవారిని ఆపకూడదు.

ఈ పద్ధతిని ఆసుపత్రి గుమ్మం దగ్గరే వదిలేయకుండా ప్రయాణాలకూ తేవాలి. తమవాళ్లు ఎవరో ప్రతి పౌరుడూ ముందే నమోదు చేసుకునే వీలుండాలి. విమానాలు ఆగినా, జిల్లా సరిహద్దులు మూసినా చావు, పుట్టుక, ప్రాణాపాయం ఉన్నచోటికి పరీక్షతో, క్వారంటైన్‌తో ఆ ఒకరిద్దరిని పంపాలి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు ఆగమంటే ఆగుదాం. అనుమతి కోరినవారికి జవాబు మాత్రం ఒక్క రోజులో రావాలి, అంత్యక్రియలు అంతకంటే ఎక్కువసేపు ఆగవు.